యూసుఫ్‌కు వినిపించని కేక

ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి, తాండూరులో బండల పాలిష్ పనికి చేరినవాణ్ణి నేను. నిలబెట్టిన బండల్లోంచి ఒకరు ఒకటి తీస్తుంటే, మిగతావి ఒరగకుండా ఇంకొకరు చేత్తో ఆపాలి. మా పని పద్ధతి అది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను తీస్తున్నాను, యూసుఫ్ ఆపుతున్నాడు. ఒక చెయ్యి బండల మీద, ఇంకో చేతిలో ఫోను. వీడియో కాల్‌లో అతని చెల్లెలు తన పెళ్లి బట్టలు చూపిస్తోంది.

"ఏం భాయ్, పెండ్లి చెల్లెకా, బండకా? దాని చెయ్యి ఇడుస్తలేవు!" అన్నాను. నా మాటకు యూసుఫ్ నవ్వకపోవడం అదే మొదటిసారి.

అంతలో అతని చెయ్యి సడలి, బండలు ముందుకు ఒరిగాయి. "భాయ్, బండ! జరుగు!" అని గొంతు చించుకున్నాను. పక్క షెడ్డువాళ్లు సైతం పరుగెత్తుకొచ్చారు. యూసుఫ్ మాత్రం ఒరుగుతున్న బండనే సూటిగా చూస్తూ, ఫోనులో చెల్లెలితో "ఎర్రదే తీస్కో" అన్నాడు.

బండలు అతని పాదం మీద పడ్డాయి. కిందపడిన ఫోనులో ఆ పిల్ల "భయ్యా, భయ్యా" అంటూనే ఉంది.

పాదం తీసేశారు. ఆస్పత్రిలో మెల్లగా అడిగాడు: "ముంగటనే ఉంటివి గదన్నా, జర ఒక్క మాట చెప్పకపోతివి?"

కళ్లూ చెవులూ తెరిచే ఉన్నా, మనసు ఇంకోచోట ఉంటే అవి ఉత్తవేనని అప్పుడు అర్థమైంది. అరిచానని చెబితే తప్పంతా అతని మీదే పడుతుంది.

"తప్పయింది భాయ్" అన్నాను.