మందు కొట్టని వంగ

బెళుగుప్పలో లింగమ్మ వాకిట్లో పాత సిమెంటు సంచుల్లో వంగ మొక్కలున్నాయి. నీటికి కరువు కాబట్టి బియ్యం కడిగిన నీళ్లే వాటికి పోస్తుంది. భర్త ఎర్రిస్వామి టమాటా తోటల్లో కూలికి పురుగుల మందు కొట్టీ కొట్టీ చూపు పోగొట్టుకున్నాడు. మందు తగలని కూరే ఇంట్లో వండాలని ఆమె వీటిని మొదలుపెట్టింది. తొలి పిందెలు పడేసరికి ఆకులకు పురుగు పట్టింది.

పక్కింటి కృపాకుమారి మందు సీసా తెచ్చింది. "ఒకతూరి కొట్టక్కా, లేకుంటే చెట్టే మిగల్దు."

లింగమ్మ దిగులుగా సీసా అందుకుని మూత తిప్పింది. మంచం మీదున్న ఎర్రిస్వామికి వాసన తగిలింది.

"వద్దు మే. నన్ను ఆడికి తీసకపో."

సంచి పక్కన కూర్చోబెడితే, అతను ఆకుల అడుగున వేళ్లతో తడిమి పురుగులు ఏరసాగాడు. "ఈడ ఇంకోటి ఉండాది" అన్నాడు.

లింగమ్మ మూత బిగించి సీసాను కృపాకుమారికిచ్చేసి, అతని పక్కన కూర్చుంది.