కంప్యూటరుకెక్కిన పిడకలు

మా ఆవిడను జ్వరంతో ఆదోనిలో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరుగారు ముందే హెచ్చరించారు. "జ్వరం తగ్గిపోతుంది. కానీ ఈ వయసులో పడి తుంటి ఎముక విరిగితే మంచం దిగడం కష్టం. ఒక్కరినే లేవనివ్వద్దు."

మంచం పక్కన గంట ఉంది. నొక్కితే నర్సు వస్తుంది. మా ఆవిడ నొక్కదు. బాత్రూముకు పోవాలని పరాయి పిల్లను పిలవడం ఆమెకు నామోషీ. నేను కాఫీకి దిగిన సమయం చూసి గోడ పట్టుకుని నడిచేది. నేను పట్టుకోబోతే నా మోకాళ్లకేసి చూసి, "మీరు పడితే నేను లేపల్లా?" అనేది.

మర్నాడు నర్సు కంప్యూటరు బండి తోసుకుంటూ వచ్చింది. రోగి వివరాలన్నీ ఇప్పుడు అందులోనే.

"అవ్వా, ఈ మధ్య యాడన్నా పడినావా?"

"నేనా? పుట్టినప్పటినుంచీ పడలేదు పాపా."

ఏళ్ల తరబడి డైరీ రాస్తున్న మనిషిని. తప్పు వివరం ఎక్కుతుంటే ఊరుకోలేకపోయాను. "ఉగాది తర్వాత కైరుప్పలలో పడింది" అన్నాను.

కైరుప్పల ఆమె పుట్టినూరు. ఉగాది వెళ్లగానే ఊరు రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటుంది, వేడుకగానే. ఈమె అరుగెక్కి తమ వాళ్లకు పిడకలు అందిస్తూ, ఉత్సాహం పట్టలేక తానే ఒకటి విసిరి, దానితోపాటు కిందికి వచ్చింది.

"పిడకల కుప్ప మీద పడితే అదీ ఒక పడడమేనా?" అంది మా ఆవిడ.

నర్సు నవ్వాపుకుంటూ అంతా టైపు చేసింది. వయసు, బీపీ మాత్రలు, కైరుప్పల అన్నీ కలిపి, పడే ప్రమాదం ఎక్కువని కంప్యూటరు తేల్చింది. దానికి గుర్తుగా మా ఆవిడ చేతికి పసుపు పట్టీ వచ్చింది. నాతో మాటలు ఆగిపోయాయి.

చిక్కేమిటంటే, ఆసుపత్రిలో ఎవరు ఆమె వివరాలు తెరిచినా ఆ కబురు కనిపిస్తుంది. రక్తం తీసే అబ్బాయి, "ఒక్కదానివే లేయద్దవ్వా" అని నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటూ పోయాడు. ఎక్స్‌రే తీసే ఆయనదీ కైరుప్పలే.

"యా పక్కకు అందిస్తాంటివవ్వా?"

ఆమె చెప్పింది.

"అయితే నా నెత్తిన పడింది నీదేనేమో!"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నావైపు మాత్రం ఆమె చూడలేదు.

నాతో మాటల్లేవు కాబట్టి నన్ను చేయి అడగదు. అరుగు మీంచి పడ్డ సంగతి అందరికీ తెలిశాక నర్సుల దగ్గర దాచుకోవడానికి నామోషీ మిగల్లేదు. దాంతో గంట నొక్కడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా ఉండగానే, నన్ను చూస్తూ, గట్టిగా. ఇంటికి పంపేదాకా ఒక్కసారి కూడా తూలలేదు. డాక్టరుగారు కంప్యూటరును మెచ్చుకున్నారు.

ఎమ్మిగనూరులో ఇల్లు చేరగానే మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకుంది. సాయంత్రం గ్లాసు మోగింది. పేపరు పడేసి పరుగెత్తాను.

"మిమ్మల్నెవరు పిలిచినారు? నేను నర్సు కోసం కొడితి" అంది.

అని, చేయి చాపింది.