అత్తకు ఇల్లు వెతికిన రోజులు

బిట్రగుంటలో మా అత్త అద్దెకుంటున్న ఇంటిని పడగొట్టి మేడ కడతామని ఇంటాయన చెప్పినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. అత్త అంటే మా నాన్న చెల్లెలు. తాత దొరల కాలంలో అక్కడ రైలింజను డ్రైవరు. ఆయన తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి ఈ జిల్లా మనిషే. దొరలు వెళ్లిపోయాక మావాళ్లు ఎటూ కాకుండా పోయారు. రైల్వేలో తమకని ఉంచిన ఉద్యోగాలు పోయాయి. ఒక్కో కుటుంబమే ఓడెక్కి ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయింది. నాన్న వరి పండించే రైతుల ఇంటి పిల్లను, మా అమ్మను, చేసుకుని ఉండిపోయాడు. అత్త నాయనమ్మను విడిచిపెట్టలేక ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికింది.

నేనుండేది కావలిలో. మా ఇంటికి రమ్మంటే రాదు, తన వంటిల్లు తనకుండాలంటుంది. అందుకని సెలవు దొరికినప్పుడల్లా ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని కావలిలోనే ఇళ్లు చూడసాగాను.

మొదటి ఇంటావిడ గదులన్నీ చూపించి, మంచినీళ్లిచ్చి, మీరేమిట్లని అడిగింది. ఆంగ్లో ఇండియన్లమని అత్త చెప్పింది. అది ఏ కులం కిందికి వస్తుందో ఆవిడకు అంతుపట్టలేదు. ఇంటాయన్ని అడిగి ఫోన్ చేస్తానంది, చేయలేదు. ఇంకోచోట అత్త గౌనునీ తెల్లటి ఒంటినీ చూసి, బయటి దేశం వాళ్లకు ఇల్లిస్తే పోలీసులకు చెప్పాలట గదా అన్నారు. నేను పుట్టింది బిట్రగుంటలోనే అని అత్త శాంతంగానే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకునే ఉంది.

రైతుబజారు వెనక వీధిలో ఒక ఇల్లు మా ఇద్దరికీ నచ్చింది. ఆ ఇంటాయనకు మా అమ్మ పుట్టింటివాళ్లు తెలుసు. మెత్తగానే మాట్లాడాడు.

"మీ అమ్మగారోళ్లు మనోళ్లే గదమ్మా. ఈమె గూడా ఆ తట్టు చుట్టమని చెప్పండి, సరిపోద్ది. పక్కిళ్లోళ్లకి నేను జవాబు చెప్పుకోవాల గదా."

నాకు తిరిగి తిరిగి విసుగొచ్చి ఉంది. సరేనని తలూపేదాన్నే. అత్త అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"నీకు కావాలంటే నువ్వు చెప్పుకో పాపా. మీ అమ్మ కూతురివి, నీకు చెల్లుద్ది. నేను మా నాయన కూతుర్ని. ఇంకోటి చెప్పలేను."

ఆమె గొంతులో కోపం లేదు. అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఈ ఊళ్లో నన్నెవరూ ఏమీ అడగరు. అమ్మ రంగే వచ్చింది, అమ్మలాగే చీర కడతాను. అడగరు కాబట్టి చెప్పే పనీ పడలేదు. నాన్నను నేను ఎక్కడ దాచిపెట్టానో ఆలోచిస్తూ బట్టలు మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టాను.

చివరికి తుమ్మలపెంట దారిలో ఇల్లు దొరికింది. ఇంటావిడ సముద్రం మీద వేటకెళ్లేవాళ్ల మనిషి. ఆవిడ అడిగింది ఏమీ లేదు, ఒక మాట మాత్రం ముందే చెప్పింది. "చేపలు ఎండబెట్టేటప్పుడు వాసనొస్తది. ఏమనుకోబాకమ్మా."

పచ్చివి కూడా తెచ్చిపెడితే మిరియాలేసి వేయిస్తానంది అత్త. ఆ వారంలోనే సామాను చేర్చాము.

ఇల్లు కుదిరిందే గానీ అత్త కుదురుకోలేదు. మంచాన్ని ఒకసారి కిటికీ పక్కకూ ఒకసారి గోడవారకూ జరిపిస్తుంది. ఇంటావిడతో మధ్యాహ్నం దాకా కబుర్లాడి, సాయంత్రానికి నాకు ఫోన్ చేసి నెల్లూరులో ఇళ్లెలా ఉంటాయని అడుగుతుంది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి గొడుగు పట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉంది. ఎటు వెళ్దామని అడిగాను. ఎటైనా పోనీ, ఇంట్లో కూర్చోలేకపోతున్నానంటూ స్కూటరెక్కింది. నాకూ ఇంటికి పోవాలని లేదు. జువ్వలదిన్నె దాకా పోయి, రేవులో పడవలకు రంగులేస్తుంటే ఎండలో నిలబడి చూశాము. అక్కణ్ణుంచి ఇంకా ముందుకు దారుందా అని అత్త ఒకతన్ని అడిగింది.