వేలాడే గంట

నాయన చనిపోయిన నెలకు తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. కార్బన్ నానోట్యూబులనే అతిసన్నని గొట్టాలపై లేజర్ వేసి, వాటి కంపనాలను రామన్ యంత్రంతో చదవడం నా పరిశోధన. రెండేళ్లుగా నాకు కావలసిన కంపనం అందలేదు. "ఇంకా రాలేదా?" అని ఫోన్‌లో అడిగీ అడిగీ నాయన వెళ్లిపోయాడు.

పక్కసీటులో ఆవుల గంటలు అమ్మే పెద్దాయన ఒకటి నా చేతికిచ్చాడు.

"కొట్టి సూడప్పా."

ఒళ్లో పెట్టుకుని విసుగ్గా కొట్టాను. టక్కుమంది.

ఆయన నవ్వాడు. "పండబెట్టి కొడితే యాడ మోగుతాది? యాలాడదీసి కొట్టు!"

ల్యాబులో నా గొట్టాలన్నీ కూడా గాజుపలకకు అతుక్కునే ఉన్నాయి. మరుసటి వారం వాటిని సన్నని గాడికి అడ్డంగా, కింద ఏదీ తగలకుండా నిలిపాను. తెరమీద నాకు కావలసిన కంపనం చిన్న శిఖరంలా లేచింది.

ఆ పెద్దాయన రెండు నెలల ముందు నా పక్కన కూర్చుని ఉండాల్సింది.