దారం ముడి కంటే కిందికి దిగిన కుర్చీ

దోహాలో బండ్ల షోరూములు తిరిగినన్ని రోజులూ నా చేతిలో ఒక ముసలావిడ చేతికర్ర ఉండేది. కోటు వేసుకున్న సేల్స్‌మెన్‌లు నన్ను చూసి, పాపం కాలు బాగోలేదేమోనని కుర్చీ చూపించేవాళ్ళు. నేను కూర్చునేవాణ్ణి. ఏసీ గదిలో మెత్తటి కుర్చీ చూపిస్తే వద్దనడానికి నాకేం పిచ్చా?

ఆ కర్ర మా పెద్ద మామాది. నేను అల్ హిలాల్‌లో ఒక ఖతారీ కుటుంబానికి ఇంటి డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. అక్కడ మా డ్రైవర్లు యజమానిని బాబా అంటారు, ఇంటి ఇల్లాలిని మామా అంటారు. బాబాను కన్నతల్లి కాబట్టి ఆమె పెద్ద మామా. ఫోనులో ఈ మాట వచ్చినప్పుడల్లా కడప జిల్లాలో ఉన్న నా భార్య, "నీకు ఆడ గూడా మామలు దొరికినారా? మా నాయన వింటే అలుగుతాడు" అని ఏడిపించేది.

ప్రపంచ కప్పు వస్తోందని దేశమంతా తవ్వుతున్న రోజులవి. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. నిన్న ఎడమకు చూపించిన బాణం ఇవాళ కుడికి చూపించేది. క్రేన్లను చూసి చూసి నా మెడ పట్టేసింది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఇసుకలోంచి ఊళ్ళు లేవడం కళ్ళతో చూస్తూ తిరిగాను. దేశం దేశమే కదులుతోంది గానీ, మా ఇంట్లో పెద్ద మామా మాత్రం గేటు దాటడం లేదు.

ఆమెకు మోకాళ్ళు పోయాయి. ఇంట్లో ఉన్నవన్నీ ఎత్తు జీపులు. ఎక్కాలంటే నేనే పైన పిడి పట్టుకుని వేలాడాలి. కోడలి చిన్న కారులో అయితే కూర్చోగలదు గానీ మళ్ళీ లేవలేదు. ఒకసారి ప్లాస్టిక్ స్టూలు వేసి జీపు ఎక్కబోతే అది జారింది. దెబ్బ పెద్దదేం కాదు. బాబా పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో ఎత్తబోయాడు. ఆమె కర్ర అడ్డం పెట్టింది.

"నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని నేను. నువ్వు నన్ను ఎత్తేది ఒక్క రోజే. ఆ రోజు ఇంకా రాలేదు" అంది.

ఆమె చెప్పింది పాడె సంగతి. బాబా చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాత ఆమె బండి దగ్గరికే రాలేదు.

రాకపోతే ఏమవుతుంది అంటారేమో. ఉత్తరాన అల్ ఖోర్‌లో వాళ్ళక్క ఉంది. ఇద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు. ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు. నువ్వు రా అంటే నువ్వు రా అని కొట్లాట. ఆ అక్కకు మోకాళ్ళతో పాటు చూపు కూడా పోతోంది. ఒక రోజు ఆమె అరవకుండా, మామూలు గొంతుతో అందట: "చెల్లీ, మనుషులు నీడల్లాగా కనిపిస్తున్నారు. నీ ముఖం ముఖంలాగా కనిపిస్తుండగానే ఒకసారి రా."

మరునాడే పెద్ద మామా నన్ను పిలిచింది. నన్ను వలదీ అనేది. వాళ్ళ భాషలో మా అబ్బాయీ అని. మా ఇద్దరి మధ్యా సగం అరబ్బీ, పావు హిందీ, మిగతాది చేతులు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆమె కూడా తెలుగు మాట్లాడినట్టే ఉంటుంది. గోడ పట్టుకుని నిలబడి, పాదం ఎంత లేస్తుందో అంత లేపింది. ఇంట్లో పనిచేసే అమ్మాయి చేత తన పాత చేతికర్రకు సరిగ్గా అక్కడ ఎర్ర దారం ముడి వేయించింది.

"వలదీ, దీనికంటే ఎత్తున్న బండి నాకొద్దు. దీనికంటే బాగా పల్లంగా ఉన్నదీ వద్దు. కూర్చుంటే లేవాలి కదా. వెళ్ళు, వెతుకు."

ముడి నా మోకాలికి చాలా కింద ఉంది. ఇంత కిందికి దిగే బండి అంటే బొమ్మల దుకాణంలో వెతకాలేమో అనుకున్నాను. పైకి అంటే కర్ర నా వీపు మీదే ఉండేది కాబట్టి, "హాజిర్ మామా" అన్నాను, చిత్తమన్నట్టు.

బాబా అప్పటికే మినీవ్యాన్ అని నిర్ణయించుకున్నాడు. పక్కకు జరిగే తలుపులు, ఇంటిల్లిపాదీ పట్టే మూడు వరసలు. ఒకే జపాను బండి తరతరాలుగా వస్తోంది, అందులో ఏ తరం కొనాలన్నదే ప్రశ్న. ముత్తాత తరం బండి బాబా చిన్నాన్న దగ్గర ఉంది. మూలలు తిరిగిన సబ్బుబిళ్ళలాగా ఉండేది. చిన్నాన్న అందులో మేకలను తోలేవాడు. తలుపు తీస్తే అత్తరు వాసన, మేక వాసన కలిసి పెళ్ళి విందులాగా కొట్టేది. బండి లోపలి నేల అంచుకు ఆనించి కర్ర నిలబెట్టాను. ముడి కింద, బండి నేల పైన.

"మాఫీ" అన్నాను బాబాతో, కుదరదని.

తాతగారి తరం బండి అబూ హమూర్‌లో ఒకాయన దగ్గర చూశాం. ఉబ్బిన బూరెలాగా ఉంది. లోపల మధ్య సీట్లు ఊడదీసి బయట పెట్టుకోవచ్చని ఆయన మురిసిపోతూ చూపించాడు. సీటు తీస్తే పెద్ద మామా ఎక్కడ కూర్చోవాలని అడిగితే ఆ మురిపెం తగ్గింది. కర్ర పెట్టాం. ముడి కిందే.

అప్పుడు షోరూములో మునిమనవణ్ణి చూశాం. సరికొత్త తరం. సొరచేప మూతి. సేల్స్‌మన్ బండి పక్కన నిలబడి కాలు గాల్లో ఊపాడు, తలుపు దానంతటదే జరిగిపోయింది. నన్నూ ఊపమన్నాడు. సైకిల్ స్టాండు తన్నినట్టు తన్నాను. తలుపు తెరుచుకుంది. నిజం చెబుతున్నా, నా ఒళ్ళు జలదరించింది. జీవితంలో ఎన్ని తలుపులు తన్నాను, ఒక్కటీ ఇంత మర్యాదగా తెరుచుకోలేదు. బాబా కళ్ళు మెరిశాయి. లోపల చిన్న సినిమా తెరలు, కాళ్ళు చాపుకునే సీట్లు.

"ఇదే" అన్నాడు బాబా.

"కర్ర, బాబా" అన్నాను.

పెట్టాడు. తానే వంగి పెట్టాడు, తెల్లటి తోబు అంగీ కింద దుమ్ముకు తగులుతున్నా చూసుకోకుండా. ముడికీ బండి నేలకూ మధ్య నా జానెడు తేడా ఉంది. ఎవరైనా పట్టుకుని ఎక్కిస్తే సరిపోతుందని సేల్స్‌మన్ అన్నాడు. బాబా లేచి దుమ్ము దులుపుకుని, "మా అమ్మ నీకు తెలియదు" అన్నాడు.

కొన్నాళ్ళకు పాత బండ్లు అమ్మే ఒక మైదానంలో అది దొరికింది. కొత్తదాని కంటే ఒక తరం వెనకది. అమెరికా నుంచి ఓడలో వచ్చిందట. మూతి సాదాసీదాగా ఉంది, తలుపు మీద చిన్న గీత. కర్ర పెడితే షరా మామూలే. బాబా వెనక్కి తిరిగాడు. అమ్మేవాడు మాత్రం, "ఒక్క నిమిషం" అని తలుపు పక్కన ఒక బటన్ నొక్కాడు.

కుడి వైపు మధ్య సీటు గుర్రుమంది. మెల్లగా మా వైపు తిరిగింది. తిరిగి, తలుపులోంచి బయటికి వచ్చింది. వచ్చి, గాల్లో ఆగకుండా కిందికి దిగడం మొదలుపెట్టింది, మోకాళ్ళు వంచే ఒంటెలాగా, తొందర లేకుండా. నేల నుంచి మామూలు కుర్చీ అంత ఎత్తుకు వచ్చి ఆగింది. ముందున్న పాదాల పలక అయితే దారం ముడికి ఇంకా కిందనే ఉంది.

ఎక్కడో ఎవరో, మోకాళ్ళు పోయిన తల్లి ఉన్నవాడే అయ్యుంటాడు, కూర్చుని ఇది ఆలోచించాడు. బాబా కుర్చీ మీద చెయ్యి వేసి నిమిరాడు, బతికున్న దాన్ని నిమిరినట్టు. తరువాత నన్ను కూర్చోమన్నాడు. డ్రైవర్‌గా వచ్చాక బండి వెనక సీటులో నేను కూర్చోవడం అదే మొదలు. కుర్చీ నన్ను ఎత్తి, తిప్పి, లోపల పెట్టింది. నన్ను ఎవరూ తాకలేదు. పెద్ద మామా అడిగింది ఇదే కదా అని అప్పుడు తట్టింది.

ఇంటికి తెచ్చిన రోజు ఇల్లంతా వాకిట్లో నిలబడింది. పెద్ద మామా నల్ల అబాయా వేసుకుని, ముఖానికి బంగారు రంగు బతూలా తొడుగు కట్టుకుని, ఆడవాళ్ళ తలుపు దగ్గర కర్రతో సిద్ధంగా ఉంది. నేను ఎప్పటిలాగే గేటులోంచి మూతి ముందుగా దూర్చి ఆపాను. బటన్ నొక్కాను. కుర్చీ గుర్రుమని తిరిగి, బయటికి వచ్చి, పక్కింటి గోడకు గుద్దుకుని ఆగిపోయింది.

ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ తలుపు వేరు. వీధిలోకి కనబడకుండా లోపలే బండి ఎక్కాలి. మూతి ముందుగా పెడితే ఆ తలుపు బండికి ఎడమ వైపు పడుతుంది. కుడి వైపు వట్టి గోడ. ఏళ్ళ తరబడి అలాగే పెడుతున్నాను. అంతమందిమి కుర్చీని చూసి నోళ్ళు తెరిచామే గానీ, అది ఏ పక్కకు దిగుతుందో ఒక్కరం చూడలేదు. మైదానంలో గోడ లేదు మరి.

"గోడకు కుర్చీ వేశావా వలదీ?" అంది పెద్ద మామా. "మంచిదే. అది కూడా చాలా కాలంగా నిలబడే ఉంది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కర్ర తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వీపును చూస్తే, ఇక రెండోసారి బయటికి రాదనిపించింది.

బండిని వెనక్కి తిప్పి దూరిస్తే సరిపోతుంది, అది నాకూ తెలుసు. కానీ గేటు ముందు సందు సగం తవ్వేశారు. మురుగు పైపులు వేస్తున్నారు. ఎరుపు తెలుపు ప్లాస్టిక్ అడ్డుగోడల మధ్య ఒక బండి నేరుగా దూరేంత చోటే ఉంది, తిరగడానికి లేదు. అక్కడ జెండా ఊపే తమ్ముడు జగిత్యాల వైపు వాడు. రోజూ పొద్దున ఒకరినొకరు ఏడిపించుకోకపోతే మాకు టీ దిగేది కాదు.

"ఏమైందే అన్నా? కొత్త బండి తెచ్చి గట్ల మొఖం పెట్టినవ్?" అన్నాడు.

చెప్పాను. "ముసలామె లోపలికి పాయె. బండిని తిప్పి పెట్టాలంటే మీ గుంత అడ్డం. మీ దేశాన్నంతా తవ్వినారు గదరా, మా గేటు ముందర మాత్రం ఇడిస్తే ఏం పోయె?"

"మాదా దేశం? నీదే అనుకున్న గదనే, ఏసీల కూసోని తిరుగుతవ్." నవ్వి, గేటు వైపు చూశాడు. "అక్కను చూడనీకేనా పోయేది?"

"అక్కకు చూపు పోతా ఉంది."

అతను జెండా కింద పెట్టాడు. ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. అన్నం బెల్లు కొట్టగానే, తినడానికి పోవాల్సిన మనుషులు వచ్చి అడ్డుగోడల్లో బరువు కోసం నింపిన నీళ్ళు వదిలేసి, పక్కకు జరిపారు. గుంత మీద ఇనప పలకలు పరిచారు. "యల్లా, రానియ్, రానియ్, ఇంకింత, కొంచెం డావకు కొట్టు" అని తమ్ముడు జెండాను ఎడమకు ఊపుతుంటే నేను వెనక్కి దూర్చాను. బండి వాకిట్లో ఆగగానే ఎవరూ చెప్పకుండానే వాళ్ళందరూ గేటుకు వీపు తిప్పి నిలబడ్డారు, ఆడవాళ్ళు ఎక్కే బండి కాబట్టి. ఎండలో, చెమటలో, అన్నం వదులుకుని నిలబడ్డ ఆ వీపులన్నీ ముందు అద్దంలోంచి నాకు కనబడుతూ ఉన్నాయి.

పెద్ద మామాను బతిమాలి తెచ్చారు. కుర్చీ ఈసారి ఆమె ముందుకే దిగింది. ఆమె దాన్ని కర్రతో ఒకసారి పొడిచి చూసింది. అబాయా సర్దుకుని కూర్చుంది. నేను బటన్ నొక్కాను. నేల వదిలి లేస్తుంటే ఆమె కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. తలుపులోకి తిరిగే లోపు మా అందరినీ ఒకసారి పైనుంచి చూసింది.

"ఎవరూ ముట్టుకోలేదు" అంది, తనకే చెప్పుకుంటున్నట్టు. తరువాత, "ఏం చూస్తున్నారు? అల్ ఖోర్!"

అక్కడ వాళ్ళక్క వాకిట్లో మంచం మీద ఉంది. కుర్చీ దిగే చప్పుడుకు తల ఎత్తింది. పెద్ద మామా దగ్గరికి వెళ్ళి కూర్చుని, బతూలా విప్పేసింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను కాబట్టి చూడలేదు, విన్నాను.

"ముసలిదానివయ్యావే" అంది అక్క.

"కనబడుతున్నానా?"

"ముక్కు కనబడుతోంది. అది ఎప్పుడైనా కనబడుతుంది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు ఆగి ఆగి సాగింది, మధ్యలో ఏడుపైందో ఏమో తెలియదు.

కాఫీ తాగాక ఆ అక్క కూడా కుర్చీ ఎక్కుతానంది. మనవళ్ళ జీపు ఎక్కలేక ఆమె కూడా ఇల్లు కదలలేదట. ఆమెను లోపల పెట్టాక, చెల్లెలిని అక్క మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంకో వైపు నుంచి ఎక్కమంటే, పెద్ద మామా మొండికేయలేదు. మనవరాలు కదా, ఆడపిల్ల కదా, పట్టుకోవచ్చట. ఇంత పంతమూ మగవాళ్ళ మీదేనన్నమాట.

ఊరి చివర కొత్త స్టేడియం ఉంది, అటు పోనిచ్చాను. ఎడారి గుడారం ఆకారంలో కట్టారు, నల్లటి చారలతో సహా. దగ్గరికి పోయేకొద్దీ ఆకాశం తగ్గిపోయింది. నేను చాలాసార్లు చూసినా ఆ పూట కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్ళింది. మేకవెంట్రుకల గుడారంలో పుట్టిన ఇద్దరు ముసలివాళ్ళు వెనక కూర్చుని ఉన్నారు.

"చెల్లీ, ఆ నల్లది కొండా?"

"కొండ కాదు. మన ఇల్లు."

అక్క అద్దానికి నుదురు ఆనించింది.

"కనబడుతోంది" అంది చివరికి. "చారలు కూడా కనబడుతున్నాయి. నాన్న కట్టినట్టే. ఎన్ని మేకలయ్యుంటాయే?"

"లోకంలో ఉన్నవన్నీ."

"వలదీ" అంది పెద్ద మామా, నా సీటును కర్రతో తట్టి. "చుట్టూ తిప్పు. మెల్లగా. అక్క వైపు గుడారం ఉండేట్టు తిప్పు."

కుడి చేతి వైపు గుడారం ఉండేట్టు తిప్పాను. చుట్టు పూర్తయ్యాక ఆగబోతే, ఆ అక్క వెనక నుంచి, "ఎందుకు ఆపాడు?" అంది. మళ్ళీ కదిలించాను.