అందరూ బాగుందన్న ఆట

మొన్న తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌కు పోతే చెప్పులు బయటే విడవమన్నారు. లోపల గచ్చు అరికాళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది. పాత ఏసీలోంచి తడి గోనెపట్టా వాసన వస్తోంది. ఆ చలీ ఆ వాసనా నాకు ఇరవై ఒకటో ఏటి నుంచీ తెలుసు. ఎనభైల చివర్లో నేను పనిచేసిన కాలేజీ కంప్యూటర్ గది సరిగ్గా ఇలాగే ఉండేది. దాని గుమ్మంలో లెక్కల లెక్చరర్ మునిరత్నం సార్ నిలబడి, వచ్చినవాళ్ల మొహం కన్నా ముందు కాళ్లు చూసేవారు. మేజోళ్లతో వచ్చినా వెనక్కి పంపేవారు, వాటికీ దుమ్ము ఉంటుందట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ గచ్చు మీద కాలు పెట్టగానే ముందు నాకు విసుగొచ్చింది. మూడేళ్లు ఆయన కింద పనిచేసినప్పుడు రోజూ వచ్చిన విసుగే అది. ఆయన గురించి రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను ఆ గదిలో లాబ్ అసిస్టెంట్‌ని. ఉన్నది ఒకే కంప్యూటర్. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు తప్ప అందులో మరేమీ కనిపించేది కాదు. నేను చంద్రగిరి నుంచి బస్సులో వచ్చి, గది తాళం తీసి, తుడిచి, సార్ చెప్పిన కాగితాలు మూలనున్న టైప్‌రైటర్ మీద కొట్టేదాన్ని. సార్‌తో మాట్లాడటమే ఒక పరీక్ష. "వేడిగా ఉంది సార్" అంటే "దేనికన్నా వేడిగా?" అని అడిగేవారు. "బస్సు ఆలస్యమైంది" అంటే బస్సు ఆలస్యమా, నేను ఆలస్యమా తేల్చేదాకా వదిలేవారు కాదు. ఎవరి మాటనూ ఊరికే పోనిచ్చే మనిషి కాదు. ఆయన గదిలోకి వస్తే చాలు, మిగతా లెక్చరర్లకు ఎక్కడ లేని పనులూ గుర్తొచ్చేవి.

అలాంటి మనిషి ఒక కంప్యూటర్ ఆట రాశారు. నలుగురు కలిసి ఒక మాయకోటలోకి పోయే ఆటలు విదేశాల్లో వస్తున్నాయని ఏదో పత్రికలో చదివారట. అలాంటిది ఒక్కటైనా కళ్లతో చూడలేదు. చదివిన ఆ అరపేజీని పట్టుకుని ఏడాదిన్నర కూర్చుని సొంతంగా తయారుచేశారు. ఏడు వాకిళ్ల కోట, అందులోకి పోవడానికి నలుగురు: కత్తివీరుడు, విలుకాడు, వైద్యురాలు, దారి తెలిసిన ముసలాయన. తెలుగు అక్షరాలు ఆ తెర మీద రావు కాబట్టి తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేవి. ఒక్కో వాక్యం కూడబలుక్కుని చదివేసరికి రాక్షసుడు వచ్చి కొట్టి పోయేవాడు. అన్నిటికన్నా మించింది ఒక నియమం. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు సరేనని మీట నొక్కితే తప్ప జట్టు ఒక్క అడుగు కూడా కదలదు. ఎందుకు సార్ ఇది, ఒకరు నడిపిస్తే చాలదా అని అడిగాను. "నలుగురు పొయ్యేటప్పుడు ఒకడి మాటే నెగ్గితే అది ప్రయాణం ఎట్లయితాది? ఊరేగింపు అయితాది" అన్నారు.

సాయంత్రం క్లాసులయ్యాక నలుగురేసి చొప్పున పిల్లల్ని పిలిచి ఆడించడం మొదలుపెట్టారు. మొదటివారం ఎగబడ్డారు. పూతలపట్టు కూడలిలో బస్సు సీటుకు కిటికీలోంచి జేబురుమాలు వేసినట్టు, కత్తివీరుడి కుర్చీ మీద మధ్యాహ్నమే రుమాళ్లు పడేవి. వైద్యురాలిగా ఆడటానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. నాగమణి అని బీఎస్సీ అమ్మాయి ఒక్కతే కోరి ఆ కుర్చీలో కూర్చునేది. "నేను లేకుంటే ముగ్గురూ సస్తారు మేడమ్" అనేది సంతోషంగా. మిగిలినవాళ్లు మొదటి వాకిలి దగ్గరే కొట్టుకునేవారు. వంతెన దాటుదామని ఒకడు, వద్దని ఇంకొకడు, అరగంట గడిచేది. చివరికి విసిగిపోయి, వద్దన్నవాడు కూడా "పోనీలేబ్బా, నొక్కేద్దాం" అని నొక్కేవాడు. వంతెన విరిగి నలుగురూ చచ్చేవారు. మళ్లీ మొదటి నుంచి ఆడాలి. వెనక నిలబడిన సార్ నవ్వుతూ "అడిగింది కదా మిషను? ఒక్కరైనా వద్దనలేదే" అనేవారు. ఆ నవ్వు చూస్తే నాకే ఒళ్లు మండేది. నాలుగోవాడు తక్కువైనప్పుడల్లా నన్నే కూర్చోబెట్టేవారు కాబట్టి ఆ వంతెన మీద నేను చచ్చినన్ని సార్లు ఇంకెవరూ చచ్చి ఉండరు.

ఆడినవాళ్లంతా వెళ్లేముందు ఒక నోటుపుస్తకంలో అభిప్రాయం రాయాలి. సార్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవారు. మార్కులు వేసే లెక్చరర్ పక్కన నిలబడితే ఎవరు మాత్రం ఏం రాస్తారు? 'చాలా బాగుంది సార్' అని రాశారు. 'అద్భుతం' అని రాశారు. అదే పిల్లలు గేటు బయట టీ అంగడి దగ్గర ఏం మాట్లాడుకునేవారో బస్సు కోసం నిలబడి నేను రోజూ వినేదాన్ని. "ఆ కోట అచ్చం చంద్రగిరి కోటే కదరా. పొద్దన లేస్తే సూసేదే. దాంట్లోకి మళ్లా కంప్యూటర్లో పోవాల్నా?" అనేవాడొకడు. "రంగు లేదు, బొమ్మ లేదు. పాఠం సదివినట్టుండాది" అనేవాడింకొకడు. "యుద్ధం మాత్రం బాగుండాదబ్బా, ఆ సరే సరే నొక్కేదే సావు" అని ఒకడు. నాగమణి మాత్రం పోట్లాడేది, "మూడో వాకిలి దాకా పొయ్యి సూసి మాట్లాడండి" అని. బాగున్నదేదో, బాగులేనిదేదో అన్నీ అక్కడ బయటపడేవి. పుస్తకంలో మాత్రం ఒక్క ముక్కా ఉండేది కాదు. అది వింటుంటే నాకు వాళ్ల మీద ఒళ్లు మండేది. అయితే ఆ పుస్తకంలో మొట్టమొదట 'చాలా బాగుంది సార్' అని రాసింది నేనే.

ఒక మధ్యాహ్నం సార్ భార్య శకుంతలమ్మ కారియర్ ఇవ్వడానికి వచ్చారు. సార్ క్లాసులో ఉన్నారు. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చల్లటి గచ్చు మీద కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ, ఆ కంప్యూటర్‌ను కాసేపు చూశారు.

"ఏమ్మే సుగుణా, ఆ ఆట నిజంగా అంత బాగుండాదా?" అన్నారు.

"ఏమమ్మా, ఎందుకట్లా అడుగుతున్నారు?"

"ఆయప్ప ఉద్యోగం మానేస్తానంటాండాడు. మద్రాసులో స్నేహితుడితో కలిసి ఇట్లాంటి ఆటలే చేస్తాడంట. ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటాండారు. పుస్తకం తెచ్చి సూపించినాడు, అందరూ బాగుందనే రాసినారు. నాకేం తెలుస్తాది? నువ్వు రోజూ సూస్తావు కదా, నువ్వు సెప్పు."

ఆమె నన్ను నమ్మి అడిగారు. నేను "బాగుండాదమ్మా" అన్నాను. నోటికి అదే అలవాటైపోయింది. ఆమె మొహం తేటపడింది. "అయితే సరేలే" అని కారియర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజు చంద్రగిరిలో దిగాల్సిన స్టాపులో దిగడం మరిచి ముందుకు పోయాను.

వారం తర్వాత సార్ ఒక కాగితం తెచ్చి టైపు చేయమన్నారు. రాజీనామా పత్రం. తేదీ, ప్రిన్సిపాల్ గారికి, అయ్యా అని మొదలుపెట్టాను. రెండో వాక్యం మధ్యలో నా వేళ్లు ఆగిపోయాయి. "ఏమైంది, రిబ్బన్ పోయిందా?" అన్నారు. "లేదు సార్. ఈ పిల్లలు పుస్తకంలో రాసింది నిజం కాదు" అన్నాను. ఆయనకు సరిగ్గా వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కుర్చీ లాక్కుని, పెన్ను తీసి, ఒక్కొక్కటీ చెప్పమన్నారు. చంద్రగిరి కోటలా ఉందంటున్నారని చెబితే, "ఉంటే? కోటలు ఎట్లుంటాయి?" అన్నారు. చదవడం కష్టంగా ఉందంటే, "ఏ వాక్యం? ఎన్నో వాకిలి?" అన్నారు. సరే సరే అని నొక్కడం విసుగంటే, "ఆలోచించి నొక్కమనే కదా దాన్ని పెట్టింది" అన్నారు. నేనొకటి అంటే ఆయన నాలుగు. గంట గడిచింది. నా తల పగిలిపోతోంది. ఉన్నట్టుండి లేచి, "ఎవరన్నారో వాళ్లనే అడిగొస్తా" అని చెప్పులేసుకుని టీ అంగడికి పోయారు. కిటికీలోంచి చూస్తున్నాను. పిల్లలంతా గ్లాసులు పక్కనపెట్టి లేచి నిలబడ్డారు. ఆయన ఏదో అడిగారు. అందరూ తలలూపారు. తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "బాగుండాదనే అంటాండారే?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. వాళ్ల మీదా, ఆయన మీదా, అందరికన్నా ఎక్కువగా నా మీదా పట్టరాని కోపం వచ్చింది. "వాళ్ల సంగతి వదిలెయ్యండి సార్. నాకు బాగాలేదు" అన్నాను. "మూడో వాకిలి దగ్గర వైద్యురాలి చేతిలో ఒకే ఆకు మిగులుతాది, ముగ్గురికీ గాయాలుంటాయి. అక్కడ నాకు నిజంగా గుండె పట్టేసింది. అట్లాంటిది ఆ ఆటలో అదొక్కటే. దాని దాకా పొయ్యే ఓపిక ఎవరికీ ఉండదు. నాకే లేదు. జీతం ఇస్తాండారని ఆడినాను. పోయిన వారం అమ్మగారు అడిగితే కూడా అబద్ధం చెప్పినాను."

టైప్‌రైటర్‌లో సగం కొట్టిన కాగితం ఆయన తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత నెలరోజులు పని మాట తప్ప నాతో మాట్లాడలేదు. రాజీనామా ఇవ్వలేదు. ఆట ఉన్న ఫ్లాపీలు బీరువాలోకి పోయాయి. పిల్లలు కూడా మళ్లీ అడగలేదు, నాగమణి తప్ప. మరుసటేడు నాకు వేరేచోట ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత, నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, కాణిపాకం పోయి వస్తూ చిత్తూరులో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరై ఉన్నారు. కూతుళ్లిద్దరూ స్థిరపడ్డారు. శకుంతలమ్మ కాఫీ ఇస్తూ, "ఆ పొద్దు నువ్వు సెప్పబట్టి మేం నిలబడినాం తల్లీ" అంటుంటే సార్ అడ్డం తగిలారు.

"సెప్పింది సరే. ఎప్పుడు సెప్పింది? కాగితం టైపు చేసే పొద్దు సెప్పింది. మొదటి రోజే సెప్పింటే నేను ఆటను బాగుచేసుకునుండేవాణ్ణి సుగుణా. నీకు అన్నీ తెలుసు. అందరికన్నా ఎక్కువ ఆడింది నువ్వే. కడాకు సెప్పినావు. ఉద్యోగం మిగిలింది, ఆట పోయింది."

నాకు మళ్లీ ఆ పాత మంట ఎక్కింది. "మీకెట్లా చెప్పేది సార్? ఒక్క మాటంటే పది మాటలతో కొట్టేవారు. మీ ముందర ఎవరికైనా నోరు లేస్తుందా?"

"వాదిస్తాను. నా ఆట కదా, వాదించనా? నేను వాదిస్తానని నువ్వు నోరు మూసుకుంటే ఎట్ల?"

శకుంతలమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి పోయారు. సార్ నాకేసి చూడకుండా, నలుగురూ సరే నొక్కాలన్న ఆ నియమాన్ని మార్చి ఉంటే ఆట ఎలా ఉండేదో చాలాసేపు చెప్పారు. ఎవరైనా ఒక్కరు వద్దంటే, ఎందుకు వద్దో ఆ మిషనే అడిగి, అందరి ముందూ తెర మీద చూపించేదట. వింటుంటే అది నిజంగా బాగుంది. అదే మాట ఆయనకు చెప్పాను. ఆయన నమ్మారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు పిల్లలు ప్రాజెక్టు తెచ్చి చూపిస్తే మొదటి రోజే చెప్పేస్తాను. ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎక్కడ బాగాలేదు. కొందరు మొహం మాడ్చుకుంటారు, కొందరు ఏడుస్తారు, కొందరు గంటసేపు నాతో వాదిస్తారు. వాదించేవాళ్లంటే నాకు చచ్చేంత విసుగు. అయినా కుర్చీ లాగి కూర్చోమంటాను, పూర్తిగా వింటాను. ఒక్కరోజు ఆగి మెల్లగా చెప్పొచ్చు కదా అంటారు మా ఇంట్లోవాళ్లు. ఒక మనిషి ఏడాదిన్నర కష్టపడి చేసిన ఆట నేను ఆగడం వల్ల పోయిందని వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.