దేశం ఒక మెట్టెక్కిన వారం

ఒక దేశం ప్రపంచశక్తిగా ఎదగడాన్ని కళ్లారా చూసినవాణ్ణి నేను. అణు పరీక్షలు, ఆర్థిక సంస్కరణలు, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన మన నౌక, అన్నీ చోడవరంలో మా వంటింట్లోనే ఉన్నాయి. ఆ మహాగాథ ఇప్పుడు చెబుతాను, సర్దుకుని కూర్చోండి.

అంత సర్దుకోనక్కర్లేదు. ఇది మా అప్ప సర్కారు ఉద్యోగ పరీక్ష గొడవ. మా వైపు అక్కని అప్ప అంటాం. వయోపరిమితి ప్రకారం ఆమెకి అదే ఆఖరి అవకాశం.

దేశ చరిత్రలోని మలుపులన్నీ ఆమె చీటీల మీద రాసి వంటింటి గోడకి అతికించింది. కోచింగ్ భాషలో వాటిని బిట్లు అంటారు. అణు పరీక్ష గ్యాస్ పొయ్యి పక్కన ఉండేది. ఏదో భావం ఉండి కాదు, అక్కడ ఖాళీ ఉండి. ఆమె కూర కలుపుతుంటే నేను ప్రశ్నలడిగేవాణ్ణి. తిరిగి చూడకుండా జవాబు చెప్పేది. పరీక్షలో తప్పు పెడితే మార్కులో మూడో వంతు కోత.

నాకొకటే సందేహం. దేశం గొప్పదైపోయిన క్షణం మనకి తెలుస్తుందా? చెవులు గుయ్‌మంటాయా? అప్పనడిగితే అది సిలబస్‌లో లేదంది.

పరీక్ష వారం ఉందనగా ఆ క్షణం రానే వచ్చింది. ఆర్థిక వ్యవస్థల వరసలో మన దేశం ఒక మెట్టు పైకెక్కిందని టీవీ చెప్పింది. వెంటనే వీధిలోకి పరిగెత్తి చూశాను. ఇటుకల ట్రాక్టరు ఒకటి గోతిలో పడి లేస్తోంది. వడ్డాది వెళ్లే ఆటోవాడు ముగ్గురు కూర్చున్న సీట్లో నాలుగో మనిషిని కూర్చోబెడుతున్నాడు. చెవులు మామూలుగానే ఉన్నాయి.

నాన్న మాత్రం సొంత పొలం ఎకరం పెరిగినట్టు మాడుగుల వెళ్లి హల్వా తెచ్చాడు. అప్ప ముక్క చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడింది.

"వారం ఆగి ఎక్కకూడదేటి," అంది.

"నీ పరీక్ష కోసం దేశం ఆగుతాదేటే?" అన్నాడు నాన్న.

"పేపరు ఎప్పుడో అచ్చేసుంటారు నాన్నా. పాత స్థానం పెట్టాలా, కొత్తది పెట్టాలా? కిందటిసారి ఒక్క మార్కులో పోయింది కదా నాకు."

నాన్న నమలడం ఆపాడు. కోచింగ్ సారుకి ఫోన్ చేస్తే పొద్దున్న కొత్తదన్నాడు, సాయంత్రం పాతదన్నాడు. అది ఇంకా అంచనాయే, ఖాయం కాదని ఇంకో ఛానల్ చెప్పింది. ఇంత పెద్ద దేశం సరిగ్గా ఎక్కడ నిలబడిందో ఎవరికీ గట్టిగా తెలీదన్నమాట. పైకెక్కడం కన్నా ఈ సంగతే నాకు వింతగా తోచింది. అప్పకి తోచలేదు. రెండు స్థానాలూ రెండు చీటీల మీద రాసి పక్కపక్కన అతికించింది. ఆ వారమంతా మా వంటింట్లో దేశం ఒక్కో మెట్టు మీద ఒక్కో కాలు వేసి నిలబడింది.

పరీక్ష అనకాపల్లిలో. గేటు బయటికి రాగానే అడిగాను, ఆ ప్రశ్న వచ్చిందా అని.

"వచ్చింది. రెండూ ఆప్షన్లలో ఉన్నాయి."

"ఏది పెట్టేవ్?"

"కొత్తదే పెట్టేను. పాతది పెట్టి తప్పయితే నన్ను నేను తిట్టుకోవాలి. కొత్తది పెట్టి తప్పయితే దేశాన్ని తిట్టుకోవచ్చు."

ఇది విన్న దగ్గర్నుంచి నాన్న దేశానికి తనే జామీను ఉన్నట్టు రోజూ వార్తలు చూడ్డం మొదలెట్టాడు, మళ్లీ కిందకి దిగిపోయిందేమోనని.

జవాబుల తుది కీ వచ్చిన రోజు ముగ్గురం ఫోన్ మీద పడ్డాం. ఆ ప్రశ్నకెదురుగా పాతదీ లేదు, కొత్తదీ లేదు. ప్రశ్న తొలగించారు. పెట్టినవాళ్లకీ వదిలేసినవాళ్లకీ మార్కు లేదు, కోతా లేదు. అప్ప మిగతా ప్రశ్నలతోనే గట్టెక్కింది.

తర్వాతి మెట్టు మెయిన్స్ పరీక్ష, విశాఖపట్నంలో. ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లాలి. జిరాక్స్ చెల్లదు.